ఏడో బకెట్

నేనేం ఉద్యోగం చేస్తానో మా నాన్నకి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. మొదట్లో ‘సాఫ్ట్‌వేర్’ అంటే ఊరుకునేవారు. తర్వాత ‘అది సరేరా, పొద్దున్నే కూర్చుని ఏం చేస్తావు?’ అని అడగడం మొదలుపెట్టారు. ‘కాఫ్కా మీద పని నాన్నా’ అన్నాను ఒకసారి. వంటింట్లోంచి అమ్మ, ‘ఇప్పుడే కదరా తాగావు, మళ్లీ కాఫీయా?’ అంది.

దారి మా పిన్ని కూతురి పెళ్లిలో దొరికింది. మా ఊరు తెనాలి దగ్గర. చుట్టాల్లో ఎవరింట్లో పెళ్లయినా వడ్డనల పెత్తనం నాన్నదే. క్యాటరింగ్ వాళ్లు వచ్చేసిన ఈ రోజుల్లో కూడా, తువ్వాలు భుజాన వేసుకుని బంతుల మధ్య నిలబడకపోతే ఆయనకి పెళ్లి చూసినట్టుండదు. ఆ రోజు ఆరు బంతులు వేశారు. సాంబారుకి ఆరుగురు కుర్రాళ్లు, బంతికొకడు. హైదరాబాద్ నుంచి లేటుగా దిగిన నేను ఏడోవాణ్ని. ఉత్సాహంగా బకెట్ పట్టుకుని వెళ్తే నాన్న ఆపారు.

‘నువ్వు ఆ స్తంభం పక్కన నిలబడు. ఎవడికైనా చెయ్యి నొప్పెడితే అప్పుడు వెళ్దువుగాని.’

‘ఖాళీగా ఎందుకు నాన్నా, రెండో బంతిలో సగం నేను వడ్డిస్తా.’

‘ఒక బంతిలో ఇద్దరు దిగారంటే ఒకడి ఆకులో రెండుసార్లు పడుద్ది, ఇంకొకడి ఆకులో అసలు పడదు. నిలబడు.’

నిలబడ్డాను. నిలబడి నవ్వుకున్నాను. ఎందుకంటే ఆయన చెప్పింది అచ్చంగా కాఫ్కాలో కన్స్యూమర్ గ్రూప్ రూలు. ఆ రాత్రి మంచాలేసుకుని పడుకున్నాక మొత్తం ఆ లెక్కలోనే చెప్పాను. మొదటిసారి నాన్న ‘ఓహో’ అన్నారు.

ఆయనకి చెప్పినట్టే మీకూ చెప్తాను. మీరు యాప్‌లో ఒక బటన్ నొక్కితే వెనకాల పది ప్రోగ్రాములకి పని పడుతుంది. డబ్బు కట్ చేసేది ఒకటి, ఎస్సెమ్మెస్ పంపేది ఒకటి, లెక్క రాసుకునేది ఇంకొకటి. ఇవన్నీ ఒకదానికొకటి ఫోన్లు చేసుకుంటూ కూర్చుంటే, ఒకటి పడుకోగానే అన్నీ పడుకుంటాయి. అందుకని జరిగిన ప్రతి విషయాన్నీ ఒకచోట వరసగా రాసేస్తారు. ఎవరికి కావాల్సింది వాళ్లు తమ వీలునిబట్టి చదువుకుంటారు. ఆ రాసే చోటే కాఫ్కా. లింక్డిన్‌లో జే క్రెప్స్, నేహా నార్ఖెడే, జున్ రావ్ కలిసి తయారుచేశారు. 2011లో ఓపెన్ సోర్స్‌గా అందరికీ వదిలేశారు. నేహా మన పుణెలో పెరిగిన అమ్మాయే. రాయడానికి బాగా పనికొచ్చే సిస్టమ్ కాబట్టి రచయిత పేరు పెడితే బాగుంటుందని క్రెప్స్ ఫ్రాంజ్ కాఫ్కా పేరు పెట్టారు. కాఫ్కా కథల్లో మనుషులకి ఏం జరుగుతుందో తెలిసి పెట్టారా అని నాకు చాలా రాత్రులు అనుమానం వచ్చింది.

ఒక రకం విషయాలన్నీ ఒక టాపిక్‌లో పడతాయి. దాన్ని పార్టిషన్లుగా విడగొడతారు. అవే మన బంతులు. కొత్తగా వచ్చినవాళ్లు బంతి చివర కూర్చుంటారు, మధ్యలో దూరడం ఉండదు. వడ్డించేవాళ్లు కన్స్యూమర్లు. సాంబారు వాళ్లందరూ ఒక గ్రూపు, పప్పు వాళ్లందరూ ఇంకో గ్రూపు, పెరుగు వాళ్లు మరొకటి. ఒకే బంతి మీదుగా అన్ని గ్రూపులూ వెళ్తాయి, ఎవరి వేగం వాళ్లది. పప్పు 20వ ఆకు దాటి ఉండొచ్చు, పెరుగు ఇంకా 5వ ఆకు దగ్గరే ఉండొచ్చు. ఎంతవరకు వడ్డించాం అనే గుర్తు ఎవరిది వాళ్లకే. ఆ గుర్తునే ఆఫ్‌సెట్ అంటారు. కన్స్యూమర్ అప్పుడప్పుడు ‘ఇంతవరకు అయింది’ అని ఆ గుర్తుని కాఫ్కా దగ్గరే రాసిపెడుతుంది. దాన్ని కమిట్ చేయడం అంటారు. రేపు ఆ కుర్రాడు మాయమైపోతే అతని బదులు వచ్చినవాడు ఆ గుర్తు చూసి, అక్కణ్నుంచి మొదలుపెడతాడు.

ఇక నాన్న రూలు: ఒక గ్రూపులో ఒక పార్టిషన్‌ని ఒక్కరే చూడాలి. ఒక్కరికే రెండు మూడు పార్టిషన్లు ఉండొచ్చు గానీ, ఒక పార్టిషన్‌కి ఇద్దరుండకూడదు. ఆరు పార్టిషన్లకి ముగ్గురుంటే తలా రెండు. ఆరుగురుంటే తలా ఒకటి. ఏడోవాడు స్తంభం పక్కన. జీతం మాత్రం అతనికీ పడుతుంది, ఆ సర్వర్‌కి కూడా క్లౌడ్ బిల్లు వస్తుంది కదా.

‘మరి ఇంకో బంతి వేసుకోవచ్చుగా?’ అన్నారు నాన్న. వేసుకోవచ్చు. కానీ తీసేయడం కుదరదు. పైగా ఒక కస్టమర్‌కి సంబంధించినవన్నీ ఒకే పార్టిషన్‌లో పడేలా, కస్టమర్ నంబర్‌ని హాష్ చేసి పార్టిషన్ల లెక్కతో పంచుతారు. ఒక కుటుంబం ఒకే బంతిలో కూర్చున్నట్టు. అప్పుడే ‘బుక్ చేశాడు’, ‘రద్దు చేశాడు’ అనేవి వరస తప్పకుండా వస్తాయి. బంతులు పెంచితే ఆ లెక్క మారిపోతుంది. పాత సంగతులు రెండో బంతిలో, కొత్తవి ఏడో బంతిలో పడతాయి. అంటే పని ఎంతమందికి పంచగలం అనేది, పని వచ్చి మీద పడకముందే చాలావరకు తేలిపోయి ఉంటుంది.

ఇదంతా నాకు బాగా తెలుసు. ఇంటర్వ్యూల్లో ఇతరులని అడిగేవాణ్ని కూడా. తెలిసీ ఆ రాత్రి ఏం చేశానో వినండి.

పోయినేడు వర్షాకాలం, శుక్రవారం. నేను పనిచేసేది టికెట్లు అమ్మే ఒక కంపెనీలో. సాయంత్రం వాన దంచికొట్టడంతో ఒక ఓపెన్ ఎయిర్ షో రద్దయింది. రాత్రి పదిన్నరకి నిర్వాహకులు రద్దు బటన్ నొక్కారు. 9 వేల రీఫండ్లు ఒక్కసారిగా మా రీఫండ్ టాపిక్‌లో వచ్చి పడ్డాయి. ఆరు పార్టిషన్లు, ముగ్గురు కన్స్యూమర్లు. ఒక్కో రీఫండ్‌కి పేమెంట్ గేట్‌వేని పిలవాలి. అది జవాబివ్వడానికి మామూలుగా 100 మిల్లీసెకన్లు. అంటే సెకనుకి ఒక్కొక్కరు 10, ముగ్గురూ కలిసి 30. 9 వేలకి 5 నిమిషాలు. టీ తాగి వచ్చేలోపు అయిపోవాలి.

11.40కి నా ఫోన్ మోగింది. ఆ వారం ఆన్‌కాల్ నేనే. కూకట్‌పల్లిలో మా రూమ్మేట్లు సినిమా చూస్తున్నారు. ల్యాప్‌టాప్ తెరిస్తే ల్యాగ్ గ్రాఫ్ కొండలా ఉంది. ల్యాగ్ అంటే ఇంకా వడ్డించని ఆకుల లెక్క. గంట దాటినా 8 వేలకి పైనే ఉంది. దిగడం లేదు. కొంచెం దిగినట్టే దిగి ఆగిపోతోంది.

ముగ్గురు సరిపోవట్లేదనుకున్నాను. ఆరుగురిని చేశాను. ఐదు నిమిషాలు చూశాను, గ్రాఫ్ కదల్లేదు. అసలు పూర్తిగా ఆగిపోయింది. మేనేజర్ మెసేజ్: ‘బ్రో, ఏంటి స్టేటస్?’ చేతులు చల్లబడ్డాయి. పది మందిని చేశాను. అవును, ఆరు బంతులకి పది బకెట్లు. నలుగురు స్తంభం పక్కన నిలబడతారని నాకు తెలుసు. అయినా చేశాను. పైనుంచి ఎవరైనా అడిగితే ‘స్కేల్ చేశాం’ అని చెప్పడానికి ఒక మాట ఉంటుంది కదా. భయంలో మనిషి చేసే పనులు సగం ఇలాంటివే.

ఒంటిగంటకి మా టీమ్‌లో సీనియర్ ఒకావిడని లేపాను. చెన్నై నుంచి పనిచేస్తారు, విజయవాడ మనిషి. లాగ్‌లు ఓ పది నిమిషాలు చూశారు. నా వైపు ఒక్క మాట లేదు. తర్వాత, ‘నువ్వు మనుషుల్ని కలిపిన ప్రతిసారీ వడ్డన ఆపావు తెలుసా?’ అన్నారు. (మా నాన్న పెళ్లి కథ టీమ్‌లో అందరికీ చెప్పి ఉన్నాను.)

ఏం జరిగిందంటే, గ్రూపులోకి కొత్తవాడు వచ్చినా, ఉన్నవాడు పోయినా పని మళ్లీ పంచాలి. దాన్ని రీబ్యాలెన్స్ అంటారు. మేం వాడుతున్న పాత పద్ధతిలో, పంచేముందు అందరూ తమ బంతులు వదిలేయాలి. బకెట్లు కింద పెట్టి మండపం మధ్యకి రావాలి. కాఫ్కా సర్వర్లలో ఒకటి గ్రూప్ కోఆర్డినేటర్‌గా ఉంటుంది. అది పేర్లు తీసుకుంటుంది. తమాషా ఏంటంటే పంచేది అది కాదు. వచ్చిన కన్స్యూమర్లలోనే ఒకర్ని లీడర్‌గా పెడితే, ఆ లీడర్ ‘నీకు ఒకటోది, నీకు రెండోది’ అని పంచి కాగితం ఇస్తే, కోఆర్డినేటర్ దాన్ని అందరికీ చదివి వినిపిస్తుంది. కుర్రాళ్లలోనే ఒకడు మేస్త్రీ అన్నమాట. కొత్తవాడు ఒక్కడు వచ్చినా ఈ తతంగం అంతా జరగాలి. చేతిలో పని ఉన్నవాడు అది ముగించాకే మండపం మధ్యకి వస్తాడు. అతని కోసం మిగతావాళ్లు ఎంతసేపు నిలబడాలి? డిఫాల్ట్‌గా 5 నిమిషాల వరకు.

ఆ 5 నిమిషాల్లోనే అసలు కథంతా ఉంది. కన్స్యూమర్ ఒక్కో సందేశం తీసుకోదు, పోల్ అని ఒకసారి అడిగితే డిఫాల్ట్‌గా 500 వరకు వచ్చి బకెట్‌లో పడతాయి. అవి ముగించి మళ్లీ పోల్ అని అడగాలి. ఈ రెండు అడగడాల మధ్య 5 నిమిషాలు దాటితే, ‘ఇతను ఇరుక్కుపోయాడు’ అని గ్రూపులోంచి బయటపడిపోతుంది. గేట్‌వే 100 మిల్లీసెకన్లలో జవాబిస్తే 500కి 50 సెకన్లు, ఏ గొడవా లేదు. ఆ రాత్రి గేట్‌వే నెమ్మదించింది. ఒక్కో జవాబుకి 2 సెకన్లు. 500 ఇంటూ 2, వెయ్యి సెకన్లు. దాదాపు 17 నిమిషాలు. అంటే మా కన్స్యూమర్ ఒక్కటి కూడా తన బకెట్ ఖాళీ చేసే అవకాశమే లేదు. 5 నిమిషాల్లో 150 వడ్డిస్తుంది. బయటికి పోతుంది. దాని బంతి ఇంకొకరికి వెళ్తుంది.

ఆ ఇంకొకరు ఎక్కణ్నుంచి మొదలుపెడతారు? రాసిపెట్టిన గుర్తు నుంచి. గుర్తు రాసేది బకెట్ ఖాళీ అయ్యాక కదా. ఖాళీ కాలేదు, గుర్తు పడలేదు. కాబట్టి మొదటి ఆకు నుంచి. ఆ 150 మళ్లీ.

ఇంకా ఘోరం ఉంది. బయటపడిన కన్స్యూమర్‌కి తను బయటపడిన సంగతి వెంటనే తెలియదు. కన్స్యూమర్ బతికే ఉందని చెప్పే హార్ట్‌బీట్ వేరే థ్రెడ్‌లో నడుస్తుంది. గ్రూపు వదిలేస్తున్నామని కోఆర్డినేటర్‌కి చెప్పేదీ అదే. ఇక్కడ పని చేసే థ్రెడ్ మాత్రం వంచిన తల ఎత్తకుండా వడ్డిస్తూనే ఉంటుంది. బకెట్ అంతా అయ్యాక గుర్తు రాయడానికి వెళ్తే అప్పుడు చెప్తారు, ‘నువ్వు ఈ గ్రూపులో లేవు’ అని. ఈలోపు ఒకే బంతిలో ఇద్దరు.

నాన్న చెప్పిందే.

ఆవిడ చెప్పిన మందు ఒక్క లైను. ‘పదిమందిని ఆరుకి తగ్గించు. బకెట్ సైజు 500 కాదు, 20 పెట్టు.’ 20 ఇంటూ 2, నలభై సెకన్లు. ఎవరూ బయటికి పోరు, ఎవరూ ఎవరి కోసం ఆగరు. ఆరుగురు కలిసి సెకనుకి 3. మిగిలిన 7 వేల చిల్లర ముప్పావు గంటలో అయిపోయాయి. రెండున్నరకి గ్రాఫ్ నేలకి దిగింది. నేను నిద్రపోలేదు. ఎందుకంటే అప్పటికి నా బుర్రలో ఇంకో లెక్క తిరుగుతోంది.

మళ్లీ వడ్డించిన ఆ ఆకుల సంగతేంటి?

కాఫ్కా మనకి మామూలుగా ఇచ్చే హామీ ‘కనీసం ఒకసారి’. పని తప్పిపోదు, కానీ రెండోసారి రావచ్చు. వస్తుందని తెలిసి కోడ్ రాసుకోవాలి. గేట్‌వే వాళ్లు దానికి ఏర్పాటు కూడా చేసి ఉంచారు. ప్రతి రీఫండ్‌కీ మనం ఒక రిఫరెన్స్ నంబర్ పంపాలి. అదే నంబర్‌తో రెండోసారి అడిగితే, ‘ఇది ఇచ్చేశాం’ అంటుంది, డబ్బు కదలదు. మా కోడ్‌లో ఆ నంబర్ బుకింగ్ నంబర్ నుంచి రావాలి. కానీ ప్రతిసారీ కొత్తగా పుట్టే ర్యాండమ్ నంబర్ వెళ్తోంది. గేట్‌వే దృష్టిలో అవి రెండు వేరు వేరు రీఫండ్లు.

ఆ లైను రాసింది నేనే. పదకొండు నెలల క్రితం, ఒక సాయంత్రం, తొందరలో.

శనివారం పొద్దున లెక్క తేలింది. 412 మందికి రెండుసార్లు డబ్బు వెళ్లింది. సోమవారం మీటింగ్. ఇలాంటి మీటింగ్‌ని మావాళ్లు ‘బ్లేమ్‌లెస్’ అంటారు, ఎవరి పేరూ ఎత్తరు. ఏ లైను ఎవరు రాశారో చూపించే కమాండ్ పేరు మాత్రం ‘గిట్ బ్లేమ్’. నేనే చెయ్యెత్తి చెప్పేశాను. ఎవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండేదేమో. ఆ ఏడాది రేటింగ్‌లో మాత్రం అది కనపడింది.

నన్ను నిజంగా కుదిపింది వేరే. కస్టమర్ సపోర్ట్ వాళ్లు ఒక కాల్ రికార్డింగ్ వినిపించారు. ఎవరో పెద్దాయన. తెలుగులోనే. ‘బాబూ, టికెట్ ఒకటే కొన్నాను, మనవరాలి కోసం. డబ్బు రెండుసార్లు పడింది. ఒకటి మీకెలా పంపాలో చెప్పండి’ అంటున్నారు. వెనకాల చిన్నపిల్ల గొంతు. ఆయన ఆకులో పొరపాటున రెండోసారి పడింది చూసి, వద్దు బాబూ అని ఆయనే చెప్తున్నారు. నా ప్రోగ్రాం చూడాల్సిన ఆకు ఆయన చూశారు.

పెళ్లిలో ఆ రోజు నాన్న కుర్రాళ్లకి ఇంకో మాట కూడా చెప్పారు. ‘ఆకు చూసి వడ్డించండ్రా, మొహం చూసి కాదు.’ మా కోడ్‌లో ఆ రోజు ఎవరూ ఆకు చూడలేదు. గుర్తు ఒక్కటే చూశారు.

తర్వాత చాలా మార్చాం. రిఫరెన్స్ నంబర్ సరిచేయడం మొదటిది, పది నిమిషాల పని. అందర్నీ మండపం మధ్యకి పిలిచే పాత పద్ధతి మానేసి కోఆపరేటివ్ పద్ధతి పెట్టాం. అందులో చేతులు మారాల్సిన బంతిని మాత్రమే వదులుతారు, మిగతావాళ్లు వడ్డిస్తూనే ఉంటారు. ఇది 2019లో వచ్చిన కాఫ్కా 2.4 నుంచీ ఉంది. మేం వాడకపోవడానికి కారణం, ఎవరూ ఆ సెట్టింగ్ ముట్టుకోలేదు, అంతే. సర్వర్ రీస్టార్ట్ అయిన ప్రతిసారీ కొత్త మనిషిలా లెక్కేయకుండా, పాత పేరుతోనే వచ్చి తన బంతి తను తీసుకునే ఏర్పాటు కూడా చేశాం. 2025 మార్చిలో వచ్చిన 4.0లో పంచే పని కుర్రాళ్ల మేస్త్రీ నుంచి తీసేసి కోఆర్డినేటర్‌కే ఇచ్చే కొత్త పద్ధతి పూర్తిగా సిద్ధమైంది.

అదే 4.0లో షేర్ గ్రూప్ అని ఇంకోటి మొదలైంది, ముందస్తు ప్రయోగంగా. అందులో ఒక బంతిలో ఎంతమందైనా దిగొచ్చు! ఒకరు ఒక ఆకు తీసుకుంటే డిఫాల్ట్‌గా 30 సెకన్లు అది వాళ్లదే. ‘అయింది’ అని చెప్పకపోతే ఇంకొకరికి ఇస్తారు. వరస మాత్రం గ్యారంటీ ఉండదు. నాన్నకి ఇది చెప్తే ఒప్పుకోరు. మాలాంటి రీఫండ్ పనికి ఇది హాయిగా ఉంటుంది అనిపిస్తుంది, కానీ అక్కడ కూడా 31వ సెకనులో జవాబొస్తే రెండోసారి వడ్డన తప్పదు. ఆకు చూడక తప్పదు.

ఇంతటితో ఆపేద్దామనుకున్నాను. కానీ ఆ తర్వాత రెండు నెలలకి జరిగింది చెప్పకపోతే ఈ కథ నాకు సగమే.

పిన్ని కూతురి పెళ్లయిన కొన్నాళ్లకి నాన్నకి స్ట్రోక్ వచ్చింది. మనిషి కోలుకున్నారు, నడుస్తారు, మాట్లాడతారు. చిన్నప్పటి పెళ్లిళ్లలో ఎవరు ఏ బంతిలో కూర్చున్నారో చెప్తారు. అరగంట క్రితం టిఫిన్ తిన్నారా అంటే మాత్రం అమ్మ వైపు చూస్తారు. షుగర్‌కి రెండు పూటలా ఇన్సులిన్. అది అమ్మ పని. ఆ నవంబర్‌లో అమ్మకి మోకాలి ఆపరేషన్ అయి గుంటూరులో ఉండాల్సొచ్చింది. మేం వంతులు వేసుకున్నాం. తెనాలిలోనే టీచర్‌గా చేసే అక్క పొద్దున, పక్క వీధి బాబాయ్ పగలు, శని ఆదివారాలు నేను.

ఒక బుధవారం అక్క ఏడున్నరకి ఇన్సులిన్ వేసి, బడికి టైమైపోతోందని పరిగెత్తింది. బాబాయ్‌కి ఫోన్ చేద్దామనుకుని మర్చిపోయింది. ఎనిమిదింటికి బాబాయ్ వచ్చారు. ‘అన్నయ్యా, సూది వేసిందా అమ్మాయి?’ అని అడిగారు. నాన్న కాసేపు ఆలోచించి ‘లేదురా’ అన్నారు. బాబాయ్ వేసేశారు.

తొమ్మిదింటికి నాన్నకి చెమటలు. చేతులు వణుకు. మాట తడబడితే బాబాయ్ మళ్లీ స్ట్రోక్ అనుకుని కంగారుపడ్డారు. అదృష్టం, ఎదురింటావిడ రిటైర్డ్ నర్సు. మీటర్‌తో చూస్తే షుగర్ బాగా పడిపోయింది. పంచదార నీళ్లు పట్టించారు, ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లారు. సాయంత్రానికి ఇంటికొచ్చేశారు. నేను ఆఫీసు నుంచి బస్సెక్కి వెళ్లేసరికి రాత్రయింది. అక్క గుమ్మంలోనే ఏడ్చింది. ‘నేనే చెప్పలేదురా. ఒక్క ఫోన్ చేస్తే అయిపోయేది.’ బాబాయ్ తల దించుకుని, ‘అడిగాను రా, అడిగే వేశాను’ అంటున్నారు.

ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. పని అయింది, గుర్తు పడలేదు, రెండోవాడు గుర్తు చూసి మొదలుపెట్టాడు. 412 మంది. ఇప్పుడు నాన్న. నాకు ఆ రాత్రి వాళ్లకి ఇది చెప్పాలనిపించలేదు. కంప్యూటర్లలో కూడా ఇలాగే అవుతుంది అంటే ఓదార్పులా ఉండదు.

మర్నాడు నేనొక నోట్‌బుక్ కొని ఫ్రిజ్ పక్కన కట్టాను. తేదీ, టైము, ఎన్ని యూనిట్లు, ఎవరు. ఇంజినీర్‌ని కదా, చాలా తెలివైన పని చేశాననుకున్నాను. అక్క ఒక్క ప్రశ్న వేసింది. ‘వేసి రాయాలా, రాసి వేయాలా?’

నోరు మూతపడింది. వేసి రాస్తే, మధ్యలో ఎవరైనా తలుపు కొడితే రాయడం మర్చిపోతాం. రెండో డోసు పడుద్ది. రాసి వేస్తే, మధ్యలో ఫోనొస్తే వేయడం మర్చిపోతాం. డోసు తప్పుద్ది. కాఫ్కా వాళ్లు దీన్నే ‘కనీసం ఒకసారి’, ‘మహా అయితే ఒకసారి’ అంటారు. మా ఆఫీసులో దీని మీద రెండు గంటల మీటింగ్ పెట్టుకున్నాం. అక్క పోపు వేస్తూ అడిగేసింది.

డాక్టర్‌ని అడిగితే ఆయన రెండింటినీ పట్టించుకోలేదు. ‘ఏ అనుమానం ఉన్నా వేయకండి. ముందు మీటర్‌తో షుగర్ చూడండి, నాకు ఫోన్ చేయండి’ అన్నారు. పుస్తకం కాదు, మనిషిని చూడమన్నారు.

ఆ ఆదివారం అక్క బడి నుంచి ఖాళీ చాక్‌పీస్ డబ్బాలు తెచ్చింది. పద్నాలుగు. ఒక్కోదాని మీద స్కెచ్ పెన్నుతో ‘సోమ - పొద్దున’, ‘సోమ - రాత్రి’ అని రాసింది. వారానికి సరిపడా సిరంజిలు ఒక్కో డబ్బాలో ఒక్కోటి పెట్టింది. మిగతా సిరంజిలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసింది. సిరంజి ఉంటే వేయలేదు. లేకపోతే వేసేశారు. ఎవరికీ చెప్పక్కర్లేదు, ఎవర్నీ అడగక్కర్లేదు, రాయడం మర్చిపోయినా ఫర్వాలేదు. బాబాయ్ వచ్చి డబ్బా మూత తీసి చూస్తారు, అంతే.

బుకింగ్‌కి ఒకటే నంబర్, పూటకి ఒకటే సిరంజి. నేను పదకొండు నెలలు చూడని లైను. నోట్‌బుక్ ఇప్పటికీ ఫ్రిజ్ పక్కనే వేలాడుతోంది. అమ్మ పాలవాడి లెక్క రాస్తోంది అందులో.

మొన్న మాఘమాసంలో మా మేనత్త మనవడి పెళ్లయింది. నాన్న ఈసారి వడ్డించలేదు, బంతిలో కూర్చున్నారు. అక్క ఎదురు బంతిలో కూర్చుని కాపలా కాస్తోంది. స్వీట్ ఒక్కటే, అదీ బూరె, అని ముందే ఒప్పందం. నేను బూరెల పళ్లెం పట్టుకున్న కుర్రాడి వెనకాలే ఉన్నాను. అతను మారు వడ్డనకి వచ్చి నాన్న ముందు ఆగాడు. నాన్న ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి, ‘వేశావు నాయనా’ అన్నారు.

కుర్రాడు ముందుకి కదలబోయాడు. నాన్న తలెత్తి ఎదురు బంతి వైపు చూశారు. అక్క ఎవరితోనో మాట్లాడుతోంది. చెయ్యి మెల్లగా తీసేశారు.